ఎత్తు మడులకు గట్టు దేనితో? – మెట్ట నేలలకు తగిన ఎంపిక

జగ్గయ్యపేట, నందిగామ ప్రాంతాలు పూర్వపు కృష్ణా జిల్లాలోని మెట్ట భాగం. 2022 ఏప్రిల్ నుండి ఇవి ఎన్టీఆర్ జిల్లాలో ఉన్నాయి. ఇక్కడి నల్లరేగడి నేలలు వర్షాకాలంలో నీటిని పట్టి ఉంచి కూరగాయ మొక్కల వేళ్లు కుళ్లడానికి కారణమవుతాయి. వేసవిలో నెర్రెలు తీస్తాయి. కాబట్టి పెరటి తోటలకు ఎత్తు మడులను సిఫారసు చేయడం సముచితమే. అయితే మడి కొలతలు, విత్తనాల రకాలు చెప్పి, గట్టును దేనితో కట్టాలన్నది గృహస్థుల ఇష్టానికి వదిలివేయడం సరికాదు.

పత్తి, మిరప సాగయ్యే ఈ ప్రాంతంలో ఖర్చు లేకుండా చేతికందేవి ఖాళీ పురుగుమందు డబ్బాలు. ఎంత కడిగినా వాటిలో మందు అవశేషాలు లేవని చెప్పలేము. వాడిన డబ్బాలు తిరిగి ఉపయోగంలోకి రాకుండా చూడాలని 1971 నాటి క్రిమిసంహారక మందుల నిబంధనలు నిర్దేశిస్తున్నాయి. పాత ఆస్బెస్టాస్ రేకులను కోసినా, విరిచినా వెలువడే సన్నని నార ఊపిరితిత్తులకు హానికరం. కుటుంబ పోషణ కోసం వేసిన మడి కుటుంబానికే కీడు చేయరాదు. కనుక వాడరాని వస్తువుల జాబితాయే సిఫారసులో మొదట ఉండాలి.

కొయ్య పలకలకు చెదల బెడద ఉన్నది. వెదురు చౌకయే గాని, మట్టి తడికి త్వరగా చివికిపోతుంది. రేగడి ఉబ్బి కుంచించుకుపోయే స్వభావం గలది కాబట్టి, లోతైన పునాది లేని సిమెంటు గోడ బీటలు వారుతుంది.

ఈ ప్రాంతానికి సహజమైన సామగ్రి సున్నపురాయి. జగ్గయ్యపేట బౌద్ధ స్తూపపు ఫలకాలు ఆ రాతివే. దాని మన్నికకు అంతకు మించిన సాక్ష్యం అక్కరలేదు. ఇంటికి పరచగా మిగిలిన నాపరాళ్లను మూడవ వంతు భూమిలోకి దించి, సిమెంటు లేకుండా నిలబెడితే చాలు. నేల కదిలినపుడు రాయి ఒరుగుతుంది. దానిని మరల సరిచేయవచ్చును. సందుల గుండా అదనపు నీరు వెలుపలికి పోతుంది.

సున్నపురాయి వలన మట్టిలో క్షారత పెరుగుతుందన్న అభ్యంతరం విస్మరించదగినది కాదు. అయితే గట్టురాయి కరిగేది బహు స్వల్పం. మడిలో నింపే సున్నపు రేగడి ప్రభావమే అధికం. లేత ఆకులు పసుపుబారి ఈనెలు మాత్రం పచ్చగా ఉంటే అది ఇనుపధాతు లోప లక్షణం. అందుచేత రేగడితో పాటు బాగా చివికిన పశువుల ఎరువును సమృద్ధిగా కలపాలి. 3 మీటర్ల పొడవు, 1 మీటరు వెడల్పు, 30 సెంటీమీటర్ల ఎత్తు గల మడికి 0.9 ఘనపు మీటరు మిశ్రమం కావాలి. గట్టు కంటే ఈ మిశ్రమానికే ఎక్కువ శ్రద్ధ అవసరం.

గరికపాడు కృషి విజ్ఞాన కేంద్రం వంటి చోట రాయి, వెదురు, ఇటుక గట్ల మడులను పక్కపక్కనే నెలకొల్పి, కనీసం మూడేండ్లు పరిశీలించడం మేలు. తొలినాటి వ్యయాన్ని గాక, ఏటికి పడే వ్యయాన్ని లెక్కించి చెప్పినపుడే ఆ సిఫారసును రైతు మహిళలు విశ్వసిస్తారు.