పరీక్షలో అంతరాయము: ఓర్పు ఎంతవఱకు?

సూళ్లూరుపేటలో మాకు పరిచితురాలగు నొక తల్లి యిటీవల తన కూతురిని వెంటబెట్టుకొని మా యింటికి వచ్చినది. ఆ పిల్ల న్యాయశాస్త్రము చదువగోరి, ముందటి దినము వేకువనే రైలెక్కి నెల్లూరు పోయి ప్రవేశపరీక్ష వ్రాసినది. నడుమ కంప్యూటరు కొంతసేపు నిలిచిపోయెనట. "చెయ్యెత్తి చెప్పలేదా అమ్మాయీ?" యని మేమడిగితిమి. "అందరూ రాసుకుంటున్నారు పిన్నీ, నేనొక్కదాన్నే గోల చెయ్యడానికి సిగ్గేసింది" అని కన్నీరు పెట్టుకొన్నది. తల్లి మాత్రము కూతురి యోర్పును మెచ్చుకొనుచుండెను. మేము మెచ్చుకొనజాలకపోతిమి.

మన రాష్ట్రపు లాసెట్ పరీక్షలో 90 నిమిషములకు 120 ప్రశ్నలు. ఒక్కొక్క ప్రశ్నకు 45 సెకండ్లు మాత్రమే. ఐదు నిమిషములు పోయినచో దాదాపు ఏడు ప్రశ్నలు పోయినట్లే గదా!

హైదరాబాదులోని నల్సార్, విశాఖపట్టణములోని దామోదరం సంజీవయ్య విశ్వవిద్యాలయము మున్నగువానిలో ప్రవేశమునకు క్లాట్ అను పరీక్ష కలదు. 2018 మే 13వ తేదీన అది కంప్యూటర్లపై జరిగినప్పుడు పలుచోట్ల యంత్రములు మొరాయించినవి. పిల్లలు ఊరకుండలేదు, న్యాయస్థానముల నాశ్రయించిరి. ఫిర్యాదుల విచారణకు విశ్రాంత న్యాయమూర్తి యధ్యక్షతన సంఘ మేర్పడెను. సుప్రీంకోర్టు పరీక్షను రద్దు చేయక, జూను 13వ తేదీన పరిహారమునకు ఉత్తరువిచ్చెను. చేతికందిన కాలములో విద్యార్థి యే వేగమున ఒప్పులు, తప్పులు వ్రాసెనో చూచి, పోయిన కాలమునకు ఆ నిష్పత్తిలోనే మార్కులు లెక్కింపవలె ననిరి. 120 నిమిషములలో 20 పోగా, మిగిలిన 100 నిమిషములలో 80 మార్కులు తెచ్చుకొన్న పిల్లకు 16 మార్కులు కలియునన్నమాట. అయితే ఎవరి కెంత కాలము పోయినదో తేలినగాని యీ లెక్క సాగదు.

కావున, సోదరీమణులారా, పరీక్షకు పోవు పిల్లలకు పెరుగన్నముతోపాటు ఈ నాలుగు మాటలును కట్టి యీయుడు. యంత్రము ఆగిన తక్షణమే చేయెత్తి పర్యవేక్షకులకు చెప్పవలెను. తామే మీటలు నొక్కి సవరింప బూనరాదు. ఆగిన సమయమును, తిరిగి సాగిన సమయమును గుర్తుంచుకొనవలెను. వేఱు యంత్రము నిచ్చినయెడల ముందు గుర్తించిన జవాబులును, మిగిలిన కాలమును సరిగా నున్నవో లేవో చూచుకొనవలెను. పరీక్ష ముగిసిన దినముననే హాలు టిక్కెట్టు సంఖ్యతో ఫిర్యాదు వ్రాసి, దాని ప్రతి నొకటి దాచుకొనవలెను.

పోయిన నిమిషములకై వగచుచు ఉన్నవానిని పోగొట్టుకొనరాదు. లాసెట్‌లో తప్పునకు మార్కు తగ్గదు గనుక, తుది నిమిషమున ఏ ప్రశ్నను విడువనక్కఱలేదు. క్లాట్‌లో తప్పునకు పావు మార్కు పోవును గనుక, అచట తొందరపాటు తగదు.

1916లో రెజీనా గుహ అను యువతి న్యాయవాదిగా చేరుటకు అర్జీ పెట్టగా, స్త్రీయను కారణమున కలకత్తా హైకోర్టు త్రోసిపుచ్చెను. 1923 నాటి శాసనముతో ఆ యడ్డు తొలగినది. అడిగినవా రుండుటచేతనే నేడు మన పిల్లలకు ఆ చదువు దక్కినది. రేపు పరులకొఱకు వాదింపవలసిన పిల్ల, తనకు జరిగిన నష్టమును నేడు చెప్పుకొన సిగ్గుపడ నేల?

మా యింటనే కూర్చుండి ఆ యమ్మాయి ఫిర్యాదు వ్రాసినది. తల్లి చదివి, "ఆగిన టైము వెయ్యలేదే" యని గుర్తుచేసినది.