పోటు నీటికి అడ్డం కట్టకండి

మడ అడవిని చంపడానికి ఇప్పుడు గొడ్డలి అక్కర్లేదు. ఒక్క పొక్లెయిన్ రాత్రంతా పనిచేసి పాయ మూతికి అడ్డంగా గట్టు వేస్తే చాలు. పోటు నీళ్ళు లోపలికి రావు, లోపలున్నవి పాటుకి బయటికి పోవు. నిలవనీరు ఎండకి ఆవిరైపోయి, నేలలో ఉప్పు పేరుకుంటుంది. ముందు ఆకులు పసుపెక్కుతాయి, తర్వాత కొమ్మల చివర్లు మాడతాయి, చివరికి అడవంతా నిలువునా మోడులవుతుంది. చచ్చిన అడవే కదా అని అప్పుడా నేలలో రొయ్యల చెరువు లేస్తుంది. కేసు పెడదామంటే చెట్టు నరికినవాడంటూ ఎవడూ దొరకడు.

గోదావరి, కృష్ణా ముఖద్వారాల్లో ఉన్నవాళ్ళకి ఇది కొత్త కథ కాదు. తుఫాను నెలలు దగ్గరపడుతున్నాయి కాబట్టే మళ్ళీ చెప్పాల్సివస్తోంది. 1839 నవంబరు ఉప్పెన కోరింగ రేవు పట్నాన్ని మళ్ళీ లేవనివ్వలేదు. 1977 నవంబరు 19న దివిసీమ మీద పడ్డ ఉప్పెనలో ప్రభుత్వ లెక్కల ప్రకారమే సుమారు 10,000 మంది పోయారు. మడ ఉన్నంత మాత్రాన ఉప్పెన ఆగిపోతుందని ఎవరూ మాట ఇవ్వలేరు. కానీ బురదలో అల్లుకున్న వేర్లు, గుబురుగా నిలిచిన చెట్లు అలల ఊపు తగ్గిస్తాయి, గట్టు కోతని ఆపుతాయి. ఆ తెర లేని ఊరి మీదికి సముద్రం నేరుగా వస్తుంది.

కాగితం మీద చూస్తే అంతా బాగానే ఉంది. కోరింగ అభయారణ్యానికి 1978 నుంచి 235 చదరపు కిలోమీటర్ల హద్దులున్నాయి. అటవీ సర్వే లెక్కల్లో రాష్ట్రంలో మడ విస్తీర్ణం 1987లో 495 చదరపు కిలోమీటర్లు, 2003 నాటికి 329, 2021లో 405. కొలిచే పద్ధతులు మారాయనుకున్నా, పడి లేచిన సంగతి దాగదు. ఎలా లేచిందో గుర్తుంచుకోవాలి. ఒకప్పుడు భాగాలుగా విడగొట్టి (కూపులు వేసి) నరికిన చోట నేల కుంగి, నీరు నిలిచి, మొక్క బతక్కుండా పోయింది. తొంభైల నుంచి ఎం.ఎస్. స్వామినాథన్ పరిశోధనా సంస్థ, అటవీశాఖ, ఊరి కమిటీలు కలిసి అలాంటి చోట్ల చేప ముల్లు ఆకారంలో కాలువలు తవ్వి పోటుపాట్లకి మళ్ళీ దారిచ్చాయి. ఆ కాలువల పని చేసింది ఊళ్ళవాళ్ళే. ప్రాజెక్టు డబ్బు ఆగగానే పూడిక తీసే కూలీ ఆగింది. కూలీ ఆగాక కాలువ ఎన్నాళ్ళు నిలుస్తుంది?

అసలు మడలోకి రోజూ దిగేవాళ్ళెవరు? గుల్లలు ఏరే ఆడవాళ్ళు, పీతలు పట్టేవాళ్ళు. పాటు తీశాక మోకాలి లోతు బురదలో నడిచి, బొరియలో ఇనప కొక్కెం పెట్టి, మండపీతని ఒడుపుగా లాగి, పెద్ద కాళ్ళు రెండూ కదలకుండా తాడుతో బిగించాలి. ఇంతా చేసి తెచ్చాక కొనేవాడు బొటనవేలితో నొక్కి చూస్తాడు. పెంకు లొంగిందా, కొత్తగా కుబుసం విడిచిందన్నమాట, లోపల మాంసం లేదు. ధర సగానికి పడిపోతుంది. ఆ మెత్త పీతనే పాయలో వల గదిలో వేసి మూడు నాలుగు వారాలు మేపితే గట్టిపడి మంచి ధర పలుకుతుంది. ఒక్క చెట్టూ పడదు. పాయలో నీరు ఆడుతున్నంత కాలమే ఆ గది పనికొస్తుంది గనుక, పాయకి అడ్డంగా గట్టు లేస్తే మొదట అరిచేది ఆ గది పెట్టినవాడే.

అయితే ఇందులోనూ జాగ్రత్త ఉండాలి. అరచేతిలో ఇమిడే పిల్ల పీతల్నీ, గుడ్ల పీతల్నీ గదుల్లోకి తోలుతూ పోతే నాలుగేళ్ళకి చెట్లుంటాయి, పీతలుండవు. ఉపాధి అని పేరు పెట్టినంత మాత్రాన పని మంచిదైపోదు. చిన్నవాటినీ గుడ్లవాటినీ కొనబోమని కొనుగోలుదారులు కట్టుబడాలి. పట్టేవాడికి మాత్రం బుద్ధి చెప్పి, కొనేవాణ్ణి వదిలేస్తే ఏమీ మారదు.

ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా సముద్రంలో వేట నిషేధం. ఆ రోజులకి ప్రభుత్వం ఇచ్చే భృతి 2025 నుంచి 20,000 రూపాయలకి పెరిగింది, సంతోషమే. కానీ అది రిజిస్టరైన పడవల మీద వేటకెళ్ళేవాళ్ళకి. పడవే లేని పీతల మనిషికి, గుల్లల మనిషికి ఏముంది? ఆ 61 రోజులూ పాయల మీద ఒత్తిడి పెరుగుతుంది, సిలిండరు కొనలేని ఇంట్లో పొయ్యిలోకి మడ కట్టెలే వెళతాయి. ఆ రెండు నెలలూ కాలువల పూడిక పని ఇచ్చి రోజుకూలీ చేతిలో పెడితే అడవికీ ఇంటికీ గడుస్తుంది.

2023 జూన్‌లో కేంద్రం మిష్టి పథకం మొదలుపెట్టింది. తొమ్మిది రాష్ట్రాలు, నాలుగు కేంద్రపాలిత ప్రాంతాల్లో కలిపి 540 చదరపు కిలోమీటర్ల మడ దాని లక్ష్యం. మొక్క పట్టుకుని ఫొటో దిగే కార్యక్రమంగా దీన్ని మార్చకండి. పోటు నీరు ఎక్కని నేలలో నాటిన మొక్క ఎటూ చస్తుంది. ప్రభుత్వం కూడా తన చేతులు చూసుకోవాలి: కాకినాడ పక్కనే దుమ్ములపేటలో ఇళ్ళ స్థలాల కోసం మడ కొట్టించిన వ్యవహారం జాతీయ హరిత ట్రిబ్యునల్ దాకా వెళ్ళింది. తామే నరికిన చోట ఊరివాళ్ళ మీద కేసులు పెడితే ఎవరు వింటారు?

చెరువుల యజమానులకి ఒక మాట. రొయ్యల సాగు మానేయమని ఎవరూ అనడం లేదు. గట్ల మీదా చెరువు మధ్య దిబ్బల మీదా మడ పెంచుతూ, పోటు నీటితోనే చేపా పీతా పెంచే పద్ధతి ఉంది. స్వామినాథన్ సంస్థ చేసి చూపించింది కూడా. కాకపోతే వనామీ రొయ్యలా ఒక్క పంటకి లక్షలు రావు. అలాగని ఒక్క వైరస్‌తో పెట్టుబడంతా మునిగిపోదు.

పాయకి అడ్డంగా కొత్త గట్టు కనబడితే ఆ రోజే ఫొటో తీసి అటవీశాఖకీ తహసీల్దారుకీ రాతపూర్వకంగా ఇవ్వండి, అందినట్టు సంతకం తీసుకోండి. అధికారులు నోటీసులతో నెలలు గడపకుండా అక్టోబరులోపే గట్టు తెగ్గొట్టించాలి. ఎండిన చెట్టుకి తర్వాత నీళ్ళు వదిలినా చిగురు రాదు.