పిల్లలను ఎదగనిద్దాము



వేరుశనగ చేతికి రాని ఏడు కూడ అప్పుచేసి హాస్టలు ఫీజు కట్టే తల్లిదండ్రులను మన తంబళ్లపల్లె ప్రాంతములో మేము ఎందరినో ఎరుగుదుము. అంత ప్రేమ కూడ హద్దు దాటితే పిల్లల మనస్సుకు బరువవుతుంది.

పదవ తరగతి కాగానే ఎం.పి.సి.యా, బై.పి.సి.యా అన్నది ఎవరు నిర్ణయిస్తున్నారు? తండ్రి, లేదా మేనమామ. కాలేజీ, స్నేహితులు, ఉద్యోగము అన్నీ పెద్దల ఇష్టమే. ఇరవై ఏండ్లు నిండిన బిడ్డకు కూడ రోజుకు నాలుగుసార్లు ఫోను చేసి ఆరా తీస్తాము. ఏదీ తానుగా నిర్ణయించుకోని బిడ్డకు రేపు చిన్న ఓటమి కూడ కొండంతగా కనబడుతుంది. నిద్ర పట్టదు, దిగులు పట్టుకుంటుంది.

2014లో అమెరికాలో ప్రచురితమైన ఒక పరిశోధనలో 297 మంది కళాశాల విద్యార్థులను ప్రశ్నించారు. తల్లిదండ్రుల అదుపు మితిమీరిందని చెప్పినవారిలో దిగులు ఎక్కువగాను, జీవితములో తృప్తి తక్కువగాను ఉన్నట్టు తేలింది. దిగులుకు కారణాలు అనేకము. తల్లిదండ్రులొక్కరే కారణమని మేము అనము. అయినా 2019 ఏప్రిల్‌లో తెలంగాణలో ఇంటర్ ఫలితాల తరువాత ఇరవైమందికి పైగా విద్యార్థులు ప్రాణాలు తీసుకున్నారు. ఆ ఫలితాలలో తప్పులు కూడ దొర్లాయి. మార్కుల కాగితము బిడ్డ ప్రాణముకంటె పెద్దది కాదని మన ఇండ్లలో ముందుగానే చెప్పి ఉంచాలి.

టమోటా పండించే మనకు ఒక సంగతి తెలుసు. నీడలో పెరిగిన నారును తెచ్చి ఒక్కసారిగా మండుటెండలో నాటితే వాడిపోతుంది. నాటడానికి ముందు కొన్ని దినాలు నీరు తగ్గించి, కొంచెము కొంచెముగా ఎండకు అలవాటు చేస్తారు. పిల్లలకూ అంతే. పది రూపాయల లెక్క, బస్సు ప్రయాణము, చదవవలసిన గ్రూపు వయస్సునుబట్టి వారికే వదలండి. తప్పు చేస్తే వెంటనే సర్దిపెట్టక, ఏమి నేర్చుకున్నారో అడగండి.

లూకా సువార్త 15వ అధ్యాయములోని తండ్రి కుమారుని కట్టివేయలేదు, వెంటబడి వెళ్లలేదు. కాని చితికిపోయి తిరిగి వచ్చినవాడు దూరముగా ఉండగానే చూచి పరుగెత్తాడు. ఓడిపోయినా మన ఇంటికి రావచ్చునన్న ధైర్యము ప్రతి బిడ్డకు ఉండాలి.

బిడ్డ రెండు వారాలకు పైగా ముభావముగా ఉన్నా, చావు మాట ఎత్తినా గద్దించకండి, ఒంటరిగా విడువకండి. ప్రార్థనతోపాటు వైద్యుని చూపించండి. 2022 అక్టోబరులో ప్రారంభమైన ప్రభుత్వ టెలి మానస్ ఫోను నంబరు 14416. రాత్రింబగళ్లు ఉచితముగా, తెలుగులోనే మాట్లాడవచ్చును. ఈ నంబరు మీ ఇంటి క్యాలెండరుమీద వ్రాసి ఉంచండి.