డెంగీ క్రిమికి మన కణమే కార్ఖానా
మందు దొరకకపోవడానికి కారణం అదే. నివారణ నీటి తొట్ల దగ్గరే

గద్వాల: వానలు పడగానే గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూలు జిల్లాల్లో జ్వరాల భయం మొదలవుతుంది. డెంగీ అని తేలితే రోగి బంధువులు ముందుగా అడిగేది క్రిమిని చంపే మందు గురించే. టైఫాయిడ్‌కు మందు ఉంది, మలేరియాకు ఉంది. డెంగీ, చికున్‌గున్యాలకు మాత్రం ఇంతవరకు అటువంటి మందు లేదు. ఇందుకు ప్రధాన కారణం ఆ క్రిములు బతికే తీరులోనే ఉంది.

సొంత సరంజామా లేదు

టైఫాయిడ్ క్రిమి తన పని తాను చేసుకోగల పూర్తి జీవి. దాని లోపలి సరంజామా మన కణాల్లో ఉన్నదానికి భిన్నం. అందుకే యాంటీబయాటిక్ మందు దాన్ని చంపి, మనిషిని వదిలిపెడుతుంది. డెంగీ వైరస్ అలా కాదు. సుమారు 11 వేల అక్షరాల జన్యు సందేశం తప్ప దాని దగ్గర ఉన్నది బహుస్వల్పం. నేతపనివారి మాటల్లో చెప్పాలంటే డిజైను దానిది. మగ్గం, నూలు, కూలి మనవి.

కణంలో చేరిన సందేశం ఒకే పొడవైన ప్రోటీన్ గొలుసుగా తయారవుతుంది. దాన్ని ముక్కలు చేస్తేగాని పనికిరాదు. కొన్నిచోట్ల వైరస్ సొంత ఎంజైము కోస్తుంది. మిగిలినచోట్ల మన కణంలోని సిగ్నల్ పెప్టిడేజ్ అనే ఎంజైము కోసిపెడుతుంది. పైతొడుగుకు చక్కెర అణువులు అతికించి సరిచేసేవీ, పొరలకు కావలసిన కొవ్వు తయారుచేసేవీ మన ఎంజైములే. చివరకు ఫ్యూరిన్ అనే మరో ఎంజైము తొడుగులోని ఒక ప్రోటీన్‌ను కత్తిరిస్తేనే వైరస్‌కు ఇంకో కణంలో చొరబడే శక్తి వస్తుంది. చికున్‌గున్యా వైరస్‌కు కూడా ఈ ఫ్యూరిన్ సాయం కావాలి.

2016లో అమెరికా శాస్త్రజ్ఞులు మానవ కణాల్లో జన్యువులను ఒక్కొక్కటిగా తొలగించి చూశారు. చక్కెర అతికించే ఎంజైముల సముదాయం లేని కణాల్లో డెంగీ వైరస్ పెరగలేకపోయింది.

ఫలించని ప్రయోగాలు

మరి ఆ ఎంజైములనే ఆపితే సరిపోదా? ఆ ప్రయత్నమూ జరిగింది. చక్కెర అణువులను సరిచేసే ఎంజైమును అడ్డుకునే సెల్గోసివిర్ మందును 2012-13లో సింగపూర్‌లో 50 మంది డెంగీ రోగులతో జరిపిన ప్రయోగంలో పరీక్షించారు. రోగులకు హాని కలగలేదుగాని, జ్వరంగాని, రక్తంలో వైరస్‌గాని చెప్పుకోదగ్గంత తగ్గలేదు. వియత్నాంలో 300 మందితో జరిపిన మరో ప్రయోగంలో, కొలెస్ట్రాల్ తయారీని అడ్డుకునే లోవాస్టాటిన్‌ను పరీక్షించారు. దానివల్ల కూడా ప్రయోజనం కనబడలేదని 2016లో తేలింది.

ఇక్కడ చిక్కులు రెండు. ఆ ఎంజైములు మనకూ అవసరమే. ఉదాహరణకు, రక్తం గడ్డకట్టడానికి తోడ్పడే ఒక ప్రోటీన్‌ను సిద్ధం చేసేది ఫ్యూరినే. కనుక వాటిని గట్టిగా ఆపితే రోగికే ముప్పు. రెండవది, రోగి ఆసుపత్రికి వచ్చేసరికి రక్తంలో వైరస్ అప్పటికే తగ్గుముఖం పడుతుంది. అసలు ప్రమాదం ఆ తర్వాత, జ్వరం దిగే రోజుల్లో, రక్తనాళాల నుంచి ద్రవం కారిపోవడంతో వస్తుంది.

మూడు జిల్లాల్లో చేయవలసినది

డెంగీ వైరస్‌పై యాంటీబయాటిక్ ఇంజెక్షన్లు పనిచేయవు. ఆస్పిరిన్, ఐబూప్రొఫెన్ వంటివి రక్తస్రావానికి దారితీయవచ్చు. డాక్టరు చెప్పిన మోతాదులో పారాసెటమాల్, తగినంత ద్రవాహారం, సకాలంలో పరీక్ష - ఇవే చికిత్స. జ్వరం తగ్గుతున్నా కడుపునొప్పి, ఆగని వాంతులు, చిగుళ్ల నుంచి రక్తం, మగత కనబడితే వెంటనే ఆసుపత్రికి చేర్చాలి.

ప్రభుత్వ వైద్య కళాశాలలు వనపర్తి, నాగర్‌కర్నూలులలో 2022లోను, గద్వాలలో 2024లోను ప్రారంభమయ్యాయి. చిన్న కిట్టు పరీక్షతో డెంగీని నిర్ధారించరాదని, ఎలిసా పరీక్ష కావాలని జాతీయ కార్యక్రమం నిబంధన. మొదటి అయిదు రోజుల్లో ఎన్‌ఎస్1 ఎలిసా, ఆ తర్వాత ఐజీఎం ఎలిసా చేయాలి. ఆ పరీక్ష ఎక్కడికక్కడే జరిగి, ఫలితం ఆ రోజే అందితే రోగులు దూరాభారం వెళ్లనక్కరలేదు.

జూరాల కాలువలు, వరి మళ్ల నుంచే ఈ దోమలు వస్తాయన్నది అపోహ. డెంగీని వ్యాపింపజేసే ఏడిస్ దోమ ఇళ్లలోని డ్రమ్ములు, గోలేలు, కూలర్లు, పాత టైర్లలోని నీటిలో పెరుగుతుంది, పగలు కుడుతుంది. గుడ్లు తొట్టి గోడలకు అంటుకుని నెలల తరబడి ఎండలోనూ బతుకుతాయి. గుడ్డు దోమగా మారడానికి ఎనిమిది నుంచి పది రోజులు పడుతుంది. కనుక వారానికోసారి తొట్టి ఖాళీ చేసి, గోడలు రుద్ది కడిగితే ఆ చక్రం తెగుతుంది.

నల్లా నీరు ఏ పూట వస్తుందో తెలియనిచోట జనం నీరు పట్టిపెట్టుకోక తప్పదు. మూతలు పెట్టుకోమని చెప్పడంతోపాటు, నీటి సరఫరా వేళలు తప్పకుండా చూడవలసిన బాధ్యత మునిసిపాలిటీలది, పంచాయతీలది. ‘ఫ్రైడే డ్రైడే’ ఫొటోల కార్యక్రమంగా మిగలకుండా, ప్రతి వార్డులోను తొట్ల తనిఖీ వారంవారం జరిగినప్పుడే ఈ జ్వరాలు అదుపులోకి వస్తాయి.