కూజాలో చేపకు వేర్లే మేతా?

శీలావతి, బొచ్చె చెరువులో ఒక్క పూట మేత ఆలస్యమైతే గట్టుమీద నిలబడి కేకలేసే రైతు, తన ఇంటి హాల్లో గాజు కూజాలోని చేపకు మేతే వేయడం లేదంటే నమ్ముతారా? మా బంధువుల ఇంట్లో కళ్లారా చూశాను. కూజా మూతి నిండా మనీప్లాంటు, కింద తెల్లటి వేర్లు, వాటి మధ్య నీలం రంగు ఫైటర్ చేప. 'వేర్లు తిని బతికేస్తదండీ, దాని పెంట మొక్కకు ఎరువు, నీళ్లు మార్చే పని కూడా లేదు' అని అమ్మినాయన చెప్పాడట. నెల తిరక్కుండానే చేప చచ్చి తేలింది.

ఆ మాట శుద్ధ అబద్ధం. ఫైటర్ చేప థాయిలాండ్ వైపు వరి మళ్లలో, నీటి గుంటల్లో పెరిగే జాతి. 2019లో అక్కడి ప్రభుత్వం దీన్ని జాతీయ జలచరంగా ప్రకటించింది. దాని నోరు చూడండి, పైకి తిరిగి ఉంటుంది. నీటిపై వాలే పురుగుల్ని, దోమ పిల్లల్ని అందుకోవడానికే ఆ అమరిక. ఆకలికి వేరు కొరికితే కొరకొచ్చు గానీ దాంతో బతకదు. మేత లేకున్నా కొన్నాళ్లు ఈడ్చుకొస్తుంది కాబట్టి వేర్లు తింటోందని మనం భ్రమపడతాం.

కొరమీను మాదిరే ఇది కూడా పైకొచ్చి గాలి మింగుతుంది. తక్కువ నీళ్లలో బతుకుతుందనడం అందుకే. కానీ గాలి అందాలిగా! కూజా మూతిని మొక్కతో బిగించేస్తే ఊపిరాడక చస్తుంది. నీటిమట్టానికీ మూతికీ మధ్య రెండంగుళాలైనా ఖాళీ వదలాలి.

మరి మొక్క దండగేనా అంటే, కాదు. చేప విసర్జించే అమ్మోనియాను వేర్లు కొంత పీల్చుకుంటాయి. కొంతే సుమా. చెరువులో అమ్మోనియా పెరిగితే నీళ్లు మార్చే మనం, లీటరు నీళ్ల కూజాను మాత్రం మొక్కకు వదిలేయడం ఏం న్యాయం? నన్నడిగితే ఆ కూజా అమ్మకమే తప్పు. కనీసం పది లీటర్లు పట్టే వెడల్పాటి తొట్టి కావాలి. వారానికోసారి నాలుగో వంతు నీళ్లు తీసి కొత్తవి పోయాలి. కుళాయి నీళ్లయితే క్లోరిన్ పోయేలా బకెట్లో ఒక రోజు నిలవుంచండి. మేత రోజుకు మూడు నాలుగు గుళికలు చాలు, మిగిలినవి వెంటనే తీసేయండి.

రైతుల ఇళ్లలో మరో ప్రమాదం ఉంది. నర్సరీ నుంచి తెచ్చిన మొక్క మట్టిలో పురుగుమందు ఉండొచ్చు. ఆ వేర్లు నేరుగా నీళ్లలో పెడితే చేపకు విషమే. దానికన్నా పెరట్లో మందు కొట్టని మనీప్లాంటు తీగను కణుపు కింద కోసి, వేరే సీసా నీళ్లలో వేర్లు తొడిగాక తొట్టిలోకి మార్చడం మేలు. మందు కొట్టి వచ్చిన చేత్తో తొట్టిని ముట్టుకోకండి. ముద్దొస్తున్నాయని రెండు మగ చేపల్ని కలిపి వేయకండి, కొట్టుకు చస్తాయి. ఫైటరన్న పేరు ఊరికే రాలేదు.

మా బంధువుల కూజాలో ఇప్పుడు మనీప్లాంటు ఒక్కటే ఉంది. తీగ మాత్రం కిటికీదాకా పాకింది.