యాభై లక్షల కాక్‌పిట్: ముప్పై వేల పైలట్లలో మనవాళ్లెందరు?

వచ్చే 15–20 ఏళ్లలో దేశానికి 30 వేల మంది పైలట్లు కావాలని కేంద్ర పౌర విమానయాన మంత్రి కింజరాపు రామ్మోహన్ నాయుడు 2025లో చెప్పారు. మన విమానయాన సంస్థలు 1,700కు పైగా కొత్త విమానాలకు ఆర్డర్లు ఇచ్చి ఎదురుచూస్తున్నాయి. అదే ఏడాది డిసెంబర్ మొదట్లో, పైలట్ల విశ్రాంతి వేళలపై వచ్చిన కొత్త నిబంధనలకు సరిపడా సిబ్బందిని సిద్ధం చేసుకోని ఇండిగో వేలాది సర్వీసులను రద్దు చేసింది. శంషాబాద్‌లో జనం సూట్‌కేసుల మీదే నిద్రపోయారు. పైలట్ల కొరత ఎంత దాకా వచ్చిందో దేశమంతా అప్పుడే చూసింది.

మన పైలట్లలో దాదాపు 15 శాతం మంది మహిళలని, ప్రపంచ సగటు కంటే ఇది చాలా ఎక్కువని ప్రభుత్వం గొప్పగా చెప్పుకుంటుంది. చెప్పుకోవాల్సిందే. మరి ఎస్సీలు ఎంత శాతం? ఎస్టీలు? ఆ లెక్క ఏ ప్రకటనలోనూ ఉండదు.

ఉస్మానియా క్యాంపస్‌లో మాట్లాడుకునే ఉద్యోగాలు వేరు. గ్రూప్-1, డీఎస్సీ, ఎస్ఐ, నెట్, సెట్. తార్నాక చౌరస్తాలో జిరాక్స్ షాపుల ముందు వేలాడే పుస్తకాలు కూడా అవే. పైలట్ అనే మాట మా దాకా వచ్చేది తమ్ముళ్లు, చెల్లెళ్ల నుంచి. సాంఘిక సంక్షేమ గురుకులాల్లో ఎంపీసీ చదివిన పిల్లలు ఫోన్ చేసి ‘అన్నా, పైలట్ కావాలంటే ఏం చేయాలి, స్కాలర్‌షిప్ వస్తుందా’ అని అడుగుతున్నారు. 2014లో ఈ గురుకులాలే మాలావత్ పూర్ణను, ఆనంద్ కుమార్‌ను ఎవరెస్ట్ ఎక్కించాయి. ఆ పిల్లలకు పైలట్ కావాలన్న ఆశ రావడంలో వింతేమీ లేదు.

తార్నాకలో మెట్రో ఎక్కితే రైలు మారే పని లేకుండా ఏడో స్టేషన్ బేగంపేట. రాష్ట్ర ప్రభుత్వ ఏవియేషన్ అకాడమీ అక్కడి పాత విమానాశ్రయంలోనే ఉంది. పిల్లలు అడిగిన రెండు ప్రశ్నల్లో మొదటిదానికి జవాబు సులువు. ఇంటర్‌లో ఫిజిక్స్, మ్యాథ్స్ ఉండాలి. 1990ల మధ్య నుంచి ఈ షరతు ఉంది. 2025లో డీజీసీఏ దీన్ని సడలించే ప్రతిపాదన చేసింది గానీ, దాన్ని నమ్ముకుని సీఈసీలో చేరమని మేము ఎవరికీ చెప్పం. వయసు 18 నిండాలి. క్లాస్-1 మెడికల్ నెగ్గాలి. ఎయిర్ నావిగేషన్, మెటియోరాలజీ, ఎయిర్ రెగ్యులేషన్స్, టెక్నికల్ పరీక్షల్లో 70 శాతం మార్కులు రావాలి. రేడియో లైసెన్స్ పరీక్ష, ఇంగ్లిష్ మాట్లాడే పరీక్ష వేరే ఉంటాయి. వీటన్నిటితో పాటు 200 గంటలు విమానం నడపాలి. అందులో వంద గంటలు తనే కమాండ్‌లో ఉండాలి, 300 నాటికల్ మైళ్ల దూరప్రయాణం ఒకటి చేయాలి.

చదువు మన పిల్లలకు కొత్తేమీ కాదు. నీట్, జేఈఈ రాసే పిల్లలకు మెటియోరాలజీ ఒక లెక్కా? అడ్డం పడేది ఆ 200 గంటలు. ఇంధనం, విమానం, ఇన్‌స్ట్రక్టర్ ఖర్చులన్నీ గంటల లెక్కన విద్యార్థి మీదే పడతాయి. దేశంలో ఎక్కడ నేర్చుకున్నా సుమారు 45 నుంచి 60 లక్షలు. లైసెన్స్ చేతికొచ్చాక ఎయిర్‌బస్‌కో బోయింగ్‌కో టైప్ రేటింగ్ చేయాలి, అది ఇంకో 15 లక్షల పైమాట. అమెరికాకో దక్షిణాఫ్రికాకో వెళ్తే త్వరగా పూర్తవుతుంది. కానీ తిరిగొచ్చి ఇక్కడి పరీక్షలు రాసి లైసెన్స్ మార్పించుకోవాలి. మొత్తం లెక్కేస్తే ఖర్చేమీ తగ్గదు. విమానయాన సంస్థలు సొంతంగా నడిపే క్యాడెట్ ప్రోగ్రాములు కోటి రూపాయల దరిదాపుల్లో ఉన్నాయి.

ఇక రెండో ప్రశ్న, స్కాలర్‌షిప్ వస్తుందా?

కాగితం మీద చూస్తే మూడు తలుపులు తెరిచే ఉన్నాయి. ఎస్సీల పోస్ట్‌మెట్రిక్ స్కాలర్‌షిప్ నిబంధనల్లో, మెడిసిన్, ఇంజనీరింగ్ ఉన్న మొదటి గ్రూపులోనే కమర్షియల్ పైలట్ లైసెన్స్ కోర్సు పేరుంది. కేంద్రం నడిపే ‘టాప్ క్లాస్’ స్కాలర్‌షిప్‌లోనూ పైలట్ శిక్షణ ఉంది. రాయ్‌బరేలీ దగ్గర ఫుర్సత్‌గంజ్‌లో కేంద్ర ప్రభుత్వం నడిపే ఇందిరాగాంధీ రాష్ట్రీయ ఉడాన్ అకాడమీలో ఎస్సీ, ఎస్టీ, ఓబీసీ రిజర్వేషన్ ఉంది.

ఒక్కొక్కటీ లోపలికి వెళ్లి చూద్దాం.

పోస్ట్‌మెట్రిక్‌కు కుటుంబ ఆదాయ పరిమితి ఏడాదికి 2.5 లక్షలు. ఆ పరిమితిలో ఉన్న ఇల్లు తిండి, బట్ట, అద్దె, మందులు అన్నీ మానేసి ప్రతి రూపాయీ దాచినా 50 లక్షలకు 20 ఏళ్లు పడుతుంది. సరే, స్కాలర్‌షిప్ ఇస్తామన్నారు కదా అనుకుందాం. తెలంగాణలో ఫీజు రీయింబర్స్‌మెంట్ ఎప్పుడొస్తుందో ఈ క్యాంపస్‌లో ఎవరినడిగినా చెబుతారు. బకాయిల కోసం 2025లో ప్రైవేటు కాలేజీలే బంద్‌కు దిగాయి. డిగ్రీ కాలేజీ అయితే సర్టిఫికెట్లు పట్టుకుని కూర్చుంటుంది, పిల్లాడు క్లాసుకైతే వెళ్తాడు. ఫ్లయింగ్ స్కూల్లో అలా కాదు. ముందు డబ్బు కడితేనే గంటలు. వాయిదా ఆగితే విద్యార్థి నేల మీదే ఆగిపోతాడు. మధ్యలో ఆగితే సమయంతో పాటు చేతికి వచ్చిన పనితనం కూడా పోతుంది, మళ్లీ మొదట్నుంచి డబ్బు పోసి తెచ్చుకోవాలి. ప్రతి నెలా డబ్బు కోరే శిక్షణకు, ఏడాదికోసారి, అదీ ఆలస్యంగా విడుదలయ్యే నిధి ఎలా సరిపోతుంది?

పైగా 2.5 లక్షల గీత ఎవరిని బయటికి నెడుతోందో కూడా చూడాలి. తార్నాక ఆర్టీసీ ఆసుపత్రి ముందు నిలబడితే కనిపించే కండక్టర్లు, డ్రైవర్లు, మెకానిక్‌లలో మనవాళ్లు చాలామంది. పిల్లలను ఇంగ్లిష్ మీడియంలో చదివించి, ఈ కల కనే స్థాయికి తెచ్చిన తొలితరం ఉద్యోగులు వాళ్లు. వాళ్ల జీతం ఆ గీత దాటుతుంది. 50 లక్షల దగ్గరికి మాత్రం ఏనాటికీ చేరదు.

టాప్ క్లాస్‌లో ఆదాయ పరిమితి 8 లక్షలు, ఇది కొంత నయం. కానీ ప్రైవేటు ఫ్లయింగ్ క్లబ్‌లకు ఏడాదికి విద్యార్థికి 3.72 లక్షలకు మించి ఇవ్వబోమని ఆ పథకం మార్గదర్శకాల్లో రాసుకున్నారు. రెండేళ్లకు 7.44 లక్షలు, అంటే 50 లక్షల్లో 15 శాతం. మిగతా 42 లక్షల సంగతేమిటన్నది పథకం రాసినవాళ్లకు పట్టలేదు.

ఫుర్సత్‌గంజ్‌లో సీటుకు రిజర్వేషన్ ఉంది, ఫీజుకు లేదు. దరఖాస్తు ఫీజు మాఫీ చేస్తారు. ఆ తర్వాత అందరితో సమానంగా 45 లక్షల స్థాయి ఫీజు కట్టమంటారు. మేము చదువుకున్న సమానత్వం ఇది కాదు.

మిగిలింది బ్యాంకు. భారతీయ బ్యాంకుల సంఘం రూపొందించిన నమూనా విద్యారుణ పథకంలో, డీజీసీఏ ఆమోదించిన పైలట్ శిక్షణకు అప్పు ఇవ్వొచ్చని స్పష్టంగా ఉంది. తనఖా లేకుండా దొరికేది మాత్రం 7.5 లక్షల వరకే. ఆపైన ఆస్తి చూపాలి. తనఖా, పూచీకత్తు లేకుండా రుణమంటూ 2024లో వచ్చిన పీఎం విద్యాలక్ష్మి ప్రధానంగా ఎన్ఐఆర్ఎఫ్ ర్యాంకులున్న విద్యాసంస్థలకే పరిమితం. ఫ్లయింగ్ స్కూళ్లు ఆ ర్యాంకుల పోటీలోనే లేవు.

మన ఇళ్లలో చూపడానికి ఏ ఆస్తి ఉంది? ఎకరమో అరెకరమో ఉంటే అది చాలాచోట్ల అసైన్డ్ భూమి, లావుణి పట్టా. 1977 చట్టం ప్రకారం దాన్ని అమ్మకూడదు. ఆ చట్టం బ్యాంకు తనఖాను నిషేధించలేదు, షెడ్యూల్డ్ బ్యాంకులకు మినహాయింపు ఉంది. కానీ బయట మార్కెట్టే లేని భూమి మీద 40 లక్షలు ఇచ్చే మేనేజర్ ఎవరు? భూమిని అక్రమంగా లాక్కోకుండా కాపాడిన చట్టమది. అది అవసరమే, ఉండాల్సిందే. ఆ భూమి అప్పు పుట్టించదు గనక ఆ లోటును రాజ్యమే పూరించాలన్నది మా వాదన. ఆస్తి ఉన్నవాడికి అప్పు పుడుతుంది. ఆస్తి ఎవరి చేతిలో ఉందో కులం ఎప్పుడో తేల్చి పెట్టింది. అందుకే పైలట్ శిక్షణలో ‘ప్రతిభ’ గురించి ఎవరైనా మాట్లాడితే మేము ముందు తనఖా కాగితం చూపమంటాం.

అప్పు పుట్టిందే అనుకుందాం. 50 లక్షలకు 11 శాతం వడ్డీ, పదేళ్ల గడువు అయితే నెలకు దాదాపు 69 వేల కిస్తీ. లైసెన్స్ వచ్చిన రోజే ఉద్యోగం రాదు. టైప్ రేటింగ్ కావాలి, నియామకాలు తెరుచుకోవాలి. ఆ మధ్యకాలాన్ని మోయగల ఇల్లు వెనక ఉన్నవాళ్లే నిలబడతారు. హైదరాబాద్ పాతబస్తీ బేకరీ కార్మికుడి కూతురు సయ్యదా సల్వా ఫాతిమా ఉదాహరణ మన కళ్ల ముందే ఉంది. దాతల సాయంతో చదివి లైసెన్స్ సాధించాక కూడా, మల్టీ ఇంజిన్ శిక్షణకు, టైప్ రేటింగ్‌కు డబ్బు లేక ఆమె ఆగిపోవాల్సి వచ్చింది. 2015లో తెలంగాణ ప్రభుత్వం 30 లక్షలకు పైగా మంజూరు చేశాకే దారి తెరుచుకుంది. అది మంచి నిర్ణయం. అయితే ఒక ముఖ్యమంత్రి దృష్టికి వచ్చిన ఒక అమ్మాయికి దక్కిన సాయం అది. రెండో అమ్మాయి ఏ కార్యాలయంలో దరఖాస్తు పెట్టుకోవాలో చెప్పే జీవో ఏదీ? కేరళ ‘వింగ్స్’ పేరుతో ఎస్సీ, ఎస్టీ పిల్లల పైలట్ శిక్షణకు పథకమే పెట్టుకుంది.

డబ్బు లేకుండా విమానం నడపడం నేర్పే చోటు ఒకటుంది, వైమానిక దళం. దుండిగల్ మనకు దూరమేమీ కాదు. ఎన్‌డీఏకు పదహారున్నర నుంచి పందొమ్మిదిన్నర ఏళ్లు, ఏఎఫ్‌క్యాట్ ఫ్లయింగ్ శాఖకు 20 నుంచి 24. ఖర్చంతా ప్రభుత్వానిదే. రిజర్వేషన్ మాత్రం లేదు. ఇంటర్ చదివే పిల్లలకు ఈ దారి గురించి గురుకులంలోనే చెప్పాలి. పీజీ హాస్టల్‌కు వచ్చాక చెబితే మాలాంటి వాళ్లకు పనికిరాదు.

మరో సంగతి కూడా మరిచిపోకూడదు. ఎయిర్ ఇండియా ప్రభుత్వ సంస్థగా ఉన్నన్నాళ్లు పైలట్ పోస్టులకూ ఎస్సీ, ఎస్టీ రోస్టర్ వర్తించేది. 2022 జనవరి 27న సంస్థ టాటాల చేతికి వెళ్లింది, దానితో పాటే ఆ రోస్టరూ పోయింది. ఇప్పుడు ఈ దేశంలో పెద్ద విమానయాన సంస్థల్లో రిజర్వేషన్ పాటించేది ఒక్కటీ లేదు. శిక్షణకు స్కాలర్‌షిప్ అడగడంతో సరిపెట్టుకుంటే, నియామకం తలుపు దగ్గర మళ్లీ ఆగిపోతాం.

తలుపు దాటాక ఏముందో కూడా తెలిసింది. 2025 జూన్‌లో ఇండిగోలో శిక్షణ పొందుతున్న ఒక దళిత పైలట్, పై అధికారులు తనను కులం పేరుతో అవమానించారని, చెప్పులు కుట్టుకోవడానికి వెళ్లమన్నారని అట్రాసిటీ చట్టం కింద కేసు పెట్టారు. సంస్థ ఆ ఆరోపణలను పూర్తిగా ఖండించింది. నిజానిజాలు తేల్చాల్సింది దర్యాప్తు, కోర్టు. కానీ ఆ వార్త చదివిన మన తల్లిదండ్రులకు అది కొత్తగా అనిపించలేదు. 1913లో బరోడా మహారాజు బాబాసాహెబ్‌కు నెలకు పదకొండున్నర పౌండ్ల చొప్పున మూడేళ్లు పూర్తి ఖర్చు ఇచ్చి కొలంబియాకు పంపాడు. తిరిగొచ్చి తన కొలువులో పనిచేయాలని ఒప్పందం రాయించుకున్నాడు. ఆ ఒప్పందం ప్రకారం 1917లో బరోడా వెళ్లిన అంబేడ్కర్‌కు తలదాచుకునే గది దొరకలేదు. నిధి పూర్తిగా ఇచ్చినా కొలువులో కులం కాచుకుని ఉంటుంది. పూర్తి నిధే లేకపోతే ఆ కొలువు దాకా వెళ్లేదే ఉండదు.

మేము కోరే పథకం ఆ బరోడా ఒప్పందం లాంటిదే. తెలంగాణలో ఎస్సీ, ఎస్టీల ప్రత్యేక అభివృద్ధి నిధి చట్టం 2017 నుంచి ఉంది. దానికంటే ముందు 2013 నాటి సబ్ ప్లాన్ చట్టం ఉంది. ఆ నిధి నుంచి ఏటా పాతిక మందికి మెడికల్ పరీక్ష నుంచి టైప్ రేటింగ్ దాకా ఖర్చంతా ప్రభుత్వమే నేరుగా, నెలనెలా శిక్షణ సంస్థకు కట్టాలి. మనిషికి 70 లక్షలు వేసుకున్నా ఏడాదికి పదిహేడున్నర కోట్లు. ఉద్యోగం వచ్చాక జీతంలోంచి కొంత తిరిగి కట్టే ఒప్పందం రాయించుకుంటామన్నా మాకు అభ్యంతరం లేదు. ఎస్సీ కార్పొరేషన్ ఇచ్చే పాక్షిక రుణం, విద్యార్థి తెచ్చుకోవాల్సిన ‘మార్జిన్ మనీ’ అనే పాత పద్ధతి మాత్రం వద్దు. యాభై లక్షల్లో పది శాతం మార్జిన్ అంటే అయిదు లక్షలు, అదే మన ఇళ్లలో రెండేళ్ల సంపాదన.

ఈలోగా అడుగుతున్న పిల్లలకు కొన్ని మాటలు. ఏ స్కూలుకైనా రూపాయి కట్టకముందు క్లాస్-2, క్లాస్-1 మెడికల్ పూర్తి చేసుకోండి. దానికయ్యే ఖర్చు వేలల్లోనే. రంగుల చూపులో లోపం లక్షలు కట్టాక బయటపడితే ఎవరూ వెనక్కివ్వరు. పరీక్షలు ముందే రాయడం మొదలుపెట్టండి, వాటికి విమానం అక్కర్లేదు. డీజీసీఏ 2025 అక్టోబర్‌లో తొలిసారి ఫ్లయింగ్ స్కూళ్లకు ర్యాంకులిచ్చింది. మొత్తం 35 స్కూళ్లలో ఏ ప్లస్, ఏ శ్రేణుల్లో ఒక్కటీ లేదు. 13 బి, 22 సి. కాబట్టి బ్రోచర్ చూసి చేరొద్దు. ఎన్ని విమానాలు ఎగిరే స్థితిలో ఉన్నాయి, ఇన్‌స్ట్రక్టర్లు ఎందరు, గత బ్యాచ్‌కు 200 గంటలు పూర్తవడానికి ఎన్ని నెలలు పట్టింది? ఈ మూడూ అక్కడ చదువుతున్నవాళ్లనే అడగండి. మొత్తం ఫీజు ఒకేసారి కడితే తగ్గింపు ఇస్తామనే చోట మరీ జాగ్రత్త.

సమాచార హక్కు చట్టం కింద అడగాల్సిన ప్రశ్నలను మేము క్యాంపస్‌లో కూర్చుని రాసిపెట్టాం. గత పదేళ్లలో పోస్ట్‌మెట్రిక్ కింద తెలంగాణ నుంచి ఎందరు ఎస్సీ విద్యార్థులకు పైలట్ కోర్సు మంజూరైంది? ఎంత మొత్తం, ఎన్ని నెలల ఆలస్యంతో? ఎందరు మధ్యలో మానేశారు? టాప్ క్లాస్ కింద ఎందరు? ఫుర్సత్‌గంజ్‌లో రిజర్వు సీట్లు ఎన్ని నిండాయి, ఎన్ని మిగిలాయి? దరఖాస్తు ఫీజు పది రూపాయలు. ఏ జిల్లాలోని విద్యార్థి సంఘమైనా ఈ ప్రశ్నలు తీసుకుని సాంఘిక సంక్షేమ శాఖకు, కేంద్ర సామాజిక న్యాయ శాఖకు పంపొచ్చు. వచ్చే బడ్జెట్ కసరత్తు మొదలయ్యేలోపు జవాబులు చేతిలో ఉండాలి.