ఎవరూ పనికి పిలవని పిల్లలు



పోయిన వారం కోదాడ దగ్గర మన సంఘ కుటుంబం ఒకదాన్ని దర్శించడానికి వెళ్లాను. ప్రార్థన ముగిసి టీ తాగుతుంటే ఆ తల్లి కళ్లు తుడుచుకుంది. "అయ్యగారూ, మావోడికి జర మీరన్నా చెప్పండి. పొద్దంత ఫోన్ల ఉద్యోగం ఎతుకుతున్ననంటడు, రాత్రయితే బంతాట సూసుకుంట కూసుంటడు" అంది. కొడుకు బీటెక్ పూర్తిచేసి రెండేళ్లయింది. తల దించుకుని కూర్చున్నాడు.

నిజం చెప్పాలంటే, బుద్ధి చెప్పడానికే నేను నోరు తెరిచాను. సామెతల గ్రంథంలోని చీమ సంగతి నాలుక చివరిదాకా వచ్చింది. ఇంతలో అతడు ఫోన్ నా చేతిలో పెట్టాడు. నౌకరీ, లింక్డ్‌ఇన్ కలిపి 130 దరఖాస్తులు. జవాబు వచ్చినవి 6. అందులో రెండు ముందుగా డబ్బు కట్టమన్నవి. మిగతా వాళ్లు "వద్దు" అని కూడా చెప్పలేదు.

"మరి ఈ ఆట ఏంటి తమ్ముడూ?" అని అడిగాను.

"అయ్యగారూ, ఆటలో తొంభై నిమిషాలకు ఏదో ఒకటి తేలిపోతుంది. నా దరఖాస్తుల్లో ఏదీ తేలదు" అన్నాడు. తర్వాత అతని ముఖం కాస్త వెలిగింది. 2022లో ఖతర్‌లో అర్జెంటీనా మొదటి మ్యాచ్‌లోనే సౌదీ అరేబియా చేతిలో 2-1తో ఓడిపోయి, చివరికి డిసెంబర్ 18న కప్పు ఎత్తిన సంగతి చెప్పుకొచ్చాడు. ఆ ఇంట్లో చాలా రోజుల తర్వాత అతడు అంతసేపు మాట్లాడటం అదేనట.

ఇంటికి వస్తూ దారంతా మత్తయి 20వ అధ్యాయమే తలచుకున్నాను. ద్రాక్షతోట యజమాని తెల్లవారగానే కూలివాళ్ల కోసం బయలుదేరాడు. మళ్లీ మూడో గంటకు, ఆరో గంటకు, తొమ్మిదో గంటకు వెళ్లాడు. చివరికి పదకొండో గంటకు, అంటే మన లెక్కలో సాయంత్రం అయిదింటికి కూడా వెళ్లాడు. అప్పటికీ కొందరు నిలబడే ఉన్నారు. ఎందుకని అడిగితే, మమ్మల్ని ఎవరూ కూలికి పెట్టుకోలేదన్నారు. యజమాని వాళ్లను సోమరులని తిట్టలేదు. ఆ మాట నమ్మి, తోటలోకి పంపాడు.

సూర్యాపేటలో, మిర్యాలగూడలో పొద్దున్నే అడ్డా మీద టిఫిన్ డబ్బాలతో నిలబడే కూలీలను మనం చూస్తాం. పని దొరకక తిరిగి వెళ్లేవాళ్లను చూసి అయ్యో అంటాం. కానీ చదువుకున్న పిల్లవాడి అడ్డా ఇప్పుడు ఫోన్‌లో ఉంది. అతడు అక్కడ ఎంతసేపు నిలబడ్డాడో మనకు కనిపించదు. ఆట చూసినది మాత్రం కనిపిస్తుంది. అందుకే తిట్టడం తేలికవుతుంది.

నా అభిప్రాయం ఇది: ఉద్యోగం లేదని సంతోషాన్ని కూడా నిషేధించకండి. పని దొరికేదాకా నవ్వకూడదని దేవుడు ఎక్కడా ఆజ్ఞ ఇవ్వలేదు.

ఆ ఆటలో మన హైదరాబాద్ సంగతి కూడా ఉంది. బడిపంతులుగా పనిచేసిన సయ్యద్ అబ్దుల్ రహీం భారత జట్టుకు కోచ్ అయ్యారు. 1962 జకార్తా ఆసియా క్రీడల్లో జర్నయిల్ సింగ్ అనే డిఫెండర్ తలకు గాయమై కుట్లు పడ్డాయి. రహీం గారు అతణ్ని పక్కన పెట్టలేదు, స్థానం మార్చి ముందు వరుసలో ఆడించారు. ఫైనల్లో దక్షిణ కొరియా మీద మనం 2-1తో గెలిచాం. అందులో ఒక గోల్ జర్నయిల్‌దే. గాయపడినవాడికి కూడా చోటు వెదికేవాడే మంచి కోచ్. మంచి కాపరి కూడా అంతే.

తమ్ముళ్లారా, మీతో కూడా రెండు మాటలు. ఆట మీద పందెం వద్దు. బెట్టింగ్ యాప్ సంతోషాన్ని అప్పుగా మారుస్తుంది. ఉద్యోగం ఇస్తామని ముందే డబ్బు అడిగితే కట్టకండి. మోసపోయారా, సిగ్గుపడి దాచకుండా వెంటనే 1930కి ఫోన్ చేయండి. గల్ఫ్‌కు వెళ్లాలనుకుంటే ఆ ఏజెంటు ఈమైగ్రేట్‌లో నమోదయ్యాడో లేదో చూసుకోండి, రాష్ట్ర ప్రభుత్వ సంస్థ టామ్‌కామ్‌లో అడగండి. అర్ధరాత్రి ఒంటిగంటన్నరకు మొదలయ్యే మ్యాచ్ ప్రతిదీ చూడాలని లేదు. తెల్లవారి ఇంటర్వ్యూ ఉంటే అసలే వద్దు.

ఇక సంఘ పెద్దలకు. ఆ యజమాని ఒకసారి వెళ్లి ఊరుకోలేదు, అయిదుసార్లు వెళ్లాడు. మనం "ప్రార్థన చేస్తున్నాం బాబూ" అని ఒకసారి చెప్పి ఊరుకుంటున్నాం. మిల్లుల్లో, సిమెంట్ ఫ్యాక్టరీల్లో, హైదరాబాద్ ఆఫీసుల్లో పనిచేసే విశ్వాసులు మనలో ఉన్నారు. వచ్చే ఆదివారం నుంచి ఆరాధన అయ్యాక అరగంట కూర్చుందాం. ఎక్కడ ఖాళీలున్నాయో చెబుదాం, పిల్లల బయోడేటాలు దిద్దుదాం. ఆ తమ్ముణ్ని కూడా రమ్మన్నాను. మ్యాచ్ కబుర్లు కూడా చెబుతానన్నాడు. చెప్పనివ్వండి.

ప్రార్థన: ప్రభువా, ఎవరూ పిలవని మా పిల్లలను నీవు చూస్తున్నావు. వారిని తిట్టిన మా నోటిని క్షమించు. వారికోసం మళ్లీ మళ్లీ బయలుదేరే కాళ్లు మాకియ్యి. ఆమేన్.